నెలలు నిండకుండా పుట్టిన పాప నోటితో పాలు తాగనంటోంది, ఎలా అలవాటు చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. పాప 31 వారాలకే పుట్టింది, అప్పుడు 1,300 గ్రాములు. ఇప్పుడు మూడు వారాల పిల్ల, 1,500 గ్రాములు. అంటే ఇంకా కడుపులోనే ఉండి ఉంటే ఇది 34వ వారం. పొట్టలోకి వేసిన గొట్టం ద్వారా వెళ్లే పాలు బాగానే అరుగుతున్నాయి. నాలుగు రోజుల నుంచి ఉగ్గుగిన్నెతో పడుతుంటే మాత్రం పొలమారుతోంది, మొహం తిప్పేసుకుంటోంది, ఒకసారి పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రిలో "నోటితో తాగడం వస్తేనే డిశ్చార్జి" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు సీసా పెట్టి చూడమంటున్నారు. చివర్లో "నాకే చేతకావడం లేదేమో" అని రాశారు. ఆ ఒక్క వాక్యం చూసే ఇంత పెద్ద సమాధానం రాయడానికి కూర్చున్నాను.

నేను నవజాత శిశువుల విభాగంలో 19 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మొదట్లో ఒక జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డు), తర్వాత ప్రైవేటులో. నెలలు నిండని పిల్లలకు పాలు అలవాటు చేయడం, తల్లులకు ఆ పని నేర్పడం, నా డ్యూటీలో సగం ఇదే.

సూటిగా చెప్పాలంటే: మీ పాప వెనకబడలేదు, మీరు తప్పేమీ చేయలేదు. 34 వారాలంటే నోటితో తాగడం మొదలుపెట్టే వయసు, పూర్తిగా వచ్చేసే వయసు కాదు. వచ్చే వారం పది రోజులు నోటితో ఎన్ని మి.లీ. వెళ్లాయన్న లెక్క పక్కన పెట్టండి. రోజులో వీలైనన్ని గంటలు పాపను మీ గుండెల మీద ఉంచుకోండి. గొట్టంలో పాలు వెళ్తున్నంతసేపూ, ముందే పాలు పిండేసిన రొమ్ము దగ్గర పాప నోరు ఉండేలా పెట్టుకోండి. ఉగ్గుగిన్నె రోజుకి ఒకటి రెండు సార్లు చాలు, అదీ పాప మెలకువగా ఉండి తనంతట తాను నోరు తెరిచినప్పుడే. తను చాలన్నప్పుడు ఆపేయండి. మిగిలిన పాలు గొట్టంలో వెళ్తాయి, ఆకలితో ఉండదు. సీసా ఇప్పుడు వద్దు.

ఇంకొకటి. పెదాలు నీలంగా మారిన సంగతి రాత్రి డ్యూటీ నర్సుకి చెప్పి ఊరుకోకండి, ఈరోజే డాక్టరుగారికి చెప్పండి. ఎప్పుడు అయింది, పాలు పడుతుండగానా, తర్వాతా, ఎంతసేపు, వివరంగా చెప్పండి. పొలమారడం వల్లే అయి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్, రక్తం తక్కువగా ఉండటం, ఊపిరితిత్తుల ఇబ్బంది, గుండెకి సంబంధించినవి కూడా మొదట ఇలా పాలు తాగే సమయంలోనే బయటపడతాయి. అవేవీ లేవని ఆయన తేల్చాకే నేను కింద రాసేవన్నీ. అలాగే వీటిలో ఏది మొదలుపెట్టినా మీ వార్డులో అడిగి మొదలుపెట్టండి. పాపను కళ్లతో చూస్తున్నది వాళ్లు, నేను కాదు.

ఇక అసలు ఇలా ఎందుకవుతుందో చెప్తాను. కారణం తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

పాలు తాగడం మనకి చిన్న పనిగా కనిపిస్తుంది. పాప చేయాల్సినవి మూడు: చీకాలి, మింగాలి, ఊపిరి తీసుకోవాలి. మింగిన ప్రతిసారీ ఊపిరి ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే పాలు శ్వాసనాళంలోకి పోతాయి. కడుపులో ఉన్నప్పుడు పిల్లలు ఉమ్మనీరు మింగుతారు, వేలు చీకుతారు. ఆ రెండూ వాళ్లకి వచ్చు. కానీ లోపల గాలి పీల్చే పని లేదు, ఆక్సిజన్ అంతా మాయ నుంచే వస్తుంది. కాబట్టి మూడింటినీ వరసలో పెట్టుకోవడం బయటికి వచ్చాక, నరాలు ఎదిగిన కొద్దీ రావాల్సిందే. సాధారణంగా 32 నుంచి 34 వారాల మధ్య ఈ వరస కుదరడం మొదలవుతుంది, 36, 37 వారాలకి స్థిరపడుతుంది. ఎక్కువ రోజులు ఆక్సిజన్ మీద ఉన్న పిల్లలకి ఇంకా ఆలస్యమవుతుంది. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకునే పిల్ల, ఆ మధ్యలోనే మింగడానికి సందు వెతుక్కోవాలి. ఊపిరి 60 దాటి పరుగెడుతుంటే ఆ సందు దొరకదు. అందుకే ఆయాసపడుతున్న పిల్లకి మేం ఆ పూట నోటితో పట్టం.

మీరు దగ్గరగా గమనిస్తే ఈ ఎదుగుదల కనిపిస్తుంది. 33, 34 వారాల పిల్ల మూడు నుంచి ఐదు సార్లు చీకి ఆగిపోతుంది. గస పెడుతున్నట్టు నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్లీ మూడు సార్లు చీకుతుంది. ఆ ఆగడాన్ని చూసి "నిద్రపోయింది, లేపండి" అంటారు చాలామంది. అది నిద్ర కాదు. ఊపిరి కోసం ఆగింది. నెలలు నిండిన పిల్ల పదీ ఇరవై సార్లు వరసగా చీకుతూ మధ్యలోనే ఊపిరి తీసుకుంటుంది. మీ పాపకి ఆ రోజు వస్తుంది, ఇప్పుడు ఆ మూడూ నాలుగు చీకుళ్లే తన వయసుకి సరైనవి.

రెండో కారణం గురించి మన దగ్గర తక్కువగా మాట్లాడతారు. ఈ మూడు వారాల్లో మీ పాప నోటికి ఏమేం తగిలాయో ఒకసారి తలచుకోండి. గొట్టం. కఫం తీసే సక్షన్ పైపు. బుగ్గల మీద అంటించి పీకిన ప్లాస్టరు. మందు చుక్కలు. అవన్నీ తన ప్రాణం కాపాడటానికి చేసినవే, కానీ ఆ పిల్లకి ఆ సంగతి తెలియదు. నోటి దగ్గరికి ఏదైనా వస్తే ఇబ్బందే అని మాత్రం తెలుసు. ఇప్పుడు అదే నోట్లో గిన్నె అంచు పెట్టి పాలు వంచితే ఏమనుకుంటుంది? మొహం తిప్పడం మొండితనం కాదు. తనకి తెలిసిన ఒకే ఒక్క భాషలో "వద్దు" అంటోంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, నైట్ డ్యూటీ అయిపోయే వేళ, 33 వారాల బాబుకి 18 మి.లీ. పట్టాలి. గొట్టం ముందురోజే తీసేశారు. పన్నెండు దాకా తాగి నోరు మూసుకున్నాడు. చార్టులో 18 రాయాలన్న తొందరలో అరికాలు గిల్లి, గడ్డం కిందకి నొక్కి, మిగతా ఆరూ పోశాను. పొలమారింది. నీలంగా అయ్యాడు, గుండె వేగం పడిపోయింది, మానిటర్ అరుస్తుంటే సీనియర్ సిస్టర్ పరుగెత్తుకొచ్చి చూసుకుంది. బాబు బతికాడు, బాగున్నాడు. కానీ ఆ తర్వాత దాదాపు రెండు వారాలు పెదాలకి ఏది తగిలినా దవడ బిగించేసేవాడు. మళ్లీ గొట్టం వేయాల్సి వచ్చింది. ఆ ఆరు మి.లీ. కోసం వాళ్లమ్మ ఇంకో రెండు వారాలు ఆసుపత్రి వరండాలో పడుకుంది. ఆ రోజు నుంచి నేను నోరు మూసుకున్న పిల్లకి ఒక్క చుక్క కూడా పోయలేదు, నా కింద పనిచేసే జూనియర్ నర్సులని కూడా పోయనివ్వను.

పాప మాటలు మీరు నేర్చుకోవాలి. తాగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు పాప కళ్లు తెరిచి ఉంటాయి, చెయ్యి నోటి దగ్గరికి వెళ్తుంది, నాలుక బయటికి వస్తుంది, పెదాలు చప్పరిస్తుంది, బుగ్గకి ఏది తగిలితే అటు తల తిప్పి వెతుకుతుంది. ఏడుపు దాకా ఆగకండి. ఏడ్చి అలిసిపోయిన పిల్ల తాగలేదు. ఇక చాలన్నప్పుడు వేళ్లు చక్రంలా విచ్చుకుంటాయి, కనుబొమలు పైకి లేస్తాయి, నుదురు ముడుచుకుంటుంది, ఆవులిస్తుంది, ఎక్కిళ్లు వస్తాయి, చూపు పక్కకి పోతుంది, పాలు పెదాల చివర నుంచి కారిపోతాయి, ఒళ్లు వేలాడేస్తుంది లేదా వెనక్కి విల్లులా వంచుతుంది. ముక్కుపుటాలు ఎగరడం, నోటి చుట్టూ రంగు మారడం చివరివి. అక్కడిదాకా రానివ్వకూడదు. వేళ్లు విచ్చుకున్నప్పుడే ఆపి, నిటారుగా పట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఉండండి. మళ్లీ తనే నోరు తెరిస్తే పట్టండి. తెరవకపోతే ఆ పూటకి అంతే.

మీరు రాసిన "మొహం తిప్పేస్తోంది" అన్నదాంట్లో నాకు కనిపించేది మంచి విషయం. మీ పాప గట్టిగానే చెప్పగలుగుతోంది. అసలు ఏమీ చెప్పకుండా నోట్లో పాలు పెట్టుకుని వేలాడిపోయే పిల్లలే నన్ను ఎక్కువ భయపెడతారు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, కంగారూ పద్ధతి, అంటే పాపను మీ ఒంటికి తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు పేదా గొప్పా తేడా లేకుండా ప్రపంచమంతా చేస్తున్నారు. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. తక్కువ బరువు పిల్లలు కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ పద్ధతి మొదలుపెడితే మొదటి నెలలో మరణాలు నాలుగో వంతు తగ్గాయని అందులో తేలింది. ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని సలహా ఇచ్చింది. పాపకి డైపరు, టోపీ, సాక్సులు తప్ప ఏమీ ఉండకూడదు. మీ రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్పపిల్లలా కాళ్లు మడిచి, తల ఒక పక్కకి తిప్పి, గడ్డం మరీ కిందకి వంగకుండా పెట్టుకుని పైన గుడ్డతో కట్టుకోండి. గంటకి తక్కువ కాకుండా ఉంచండి, మధ్యలో తీసి పెట్టడం వల్ల పిల్ల అలిసిపోతుంది.

పాలు తాగడానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? అక్కడ పాపకి మీ వాసన వస్తుంది, పాల వాసన వస్తుంది, ఊపిరి నిదానిస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది కాబట్టి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. చాలామంది పిల్లలు అలా ఉండగానే తలెత్తి రొమ్ము వైపు వెతకడం మొదలుపెడతారు. మీకు పాలు పడటం కూడా పెరుగుతుంది. మీకు నిద్ర కావాల్సిన గంటల్లో నాన్నగారు పెట్టుకోవచ్చు. మా దగ్గర ఒక లారీ డ్రైవరు, కవలల్లో ఒకడిని చొక్కాలో పెట్టుకుని రోజూ రాత్రి పదకొండు నుంచి తెల్లవారు నాలుగు దాకా కుర్చీలో కూర్చునేవాడు. వాళ్ల ఆవిడ ఆ ఐదు గంటలూ నిద్రపోయేది. ఆవిడకి పాలు పెరగడం అప్పటి నుంచే మొదలైంది.

రెండోది, పిండేసిన రొమ్ము. పాలు పిండేశాక, గొట్టంలో పాలు వెళ్తున్న సమయంలోనే పాప నోటిని చనుమొన దగ్గర పెట్టండి. నాకనివ్వండి, వాసన చూడనివ్వండి, ఒక చుక్క పెదాలకి తగలనివ్వండి. చీకితే చీకుతుంది, లేకపోతే అలా పడుకుంటుంది. రొమ్ములో పాలు తక్కువ ఉంటాయి కాబట్టి పొలమారే భయం అంతగా ఉండదు. అటు పొట్ట నిండుతోంది, ఇటు నోరు చీకుతోంది, అమ్మ వెచ్చదనం ఉంది. నోటికీ పొట్టకీ మధ్య ఆ సంబంధం అలా ఏర్పడుతుంది. ఇలా ఊరికే చీకే అలవాటు ఉన్న పిల్లలు గొట్టం నుంచి నోటికి త్వరగా మారతారని, త్వరగా ఇంటికి వెళ్తారని పరిశోధనల్లో కూడా కనబడింది. మావరకైతే దీన్ని మించిన ఉపాయం లేదు. ఖర్చు లేదు, పరికరం లేదు, తల్లి పక్కన ఉంటే చాలు. కష్టమల్లా తల్లిని లోపలికి రానివ్వని వార్డులతోనే. మీ వార్డులో తల్లులకి సమయాలు పెట్టి ఉంటే, గొట్టం పాలు పెట్టే సమయాలకి రానిమ్మని అడగండి. మర్యాదగా, కానీ రోజూ అడగండి.

గొట్టం పాలు పెట్టే ప్రతిసారీ ముందు, శుభ్రంగా కడుక్కున్న వేలితో గానీ దూది పుల్లతో గానీ ఒకటి రెండు చుక్కల మీ పాలు పాప పెదాలకి, బుగ్గల లోపలికి రాయమని సిస్టర్‌ని అడగండి. పుట్టిన కొత్తలో ముర్రుపాలతో చేసేది ఇదే. ఇప్పుడు చేసినా తప్పు లేదు. నోటికి తగిలేవాటిలో ఒక్కటైనా రుచిగా ఉండాలి కదా.

మూడోది ఉగ్గుగిన్నె. ఆసుపత్రుల్లో పాలాడై అని పిలిచేది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఈ కొక్కిగిన్నే. మంచి వస్తువు, కడగడం తేలిక, మన డాక్టర్లు 32, 34 వారాల పిల్లలకి దీన్నే సిఫారసు చేస్తారు. ఇబ్బంది దాన్ని వాడే తీరులో వస్తుంది. మన పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గు పోసేస్తారు. నెలలు నిండిన గట్టి పిల్లలు ఎలాగో తట్టుకుంటారు. మీ పాపకి అలా ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

పాపని గుడ్డలో చేతులు రెండూ గుండెల దగ్గరకి వచ్చేలా వదులుగా చుట్టండి. సగం కూర్చున్నట్టు, తల మీ మోచేతి వంపులో, మెడ నిటారుగా. గిన్నెలో కొంచెమే పాలు పోసుకోండి. కొక్కి కింది పెదవి మీద, నోటి మూల దగ్గర ఆనించి, పాలు పెదవికి తగిలేంతవరకే వంచండి. అక్కడ ఆగండి. నాలుక బయటికి వచ్చి పాలు నాకుతుంది, లోపలికి తీసుకుంటుంది. మింగింది, ఊపిరి తీసుకుంది, అప్పుడు మళ్లీ కొంచెం. పాలు పోయకండి, అందించండి. ఇరవై నిమిషాలు దాటితే ఆపేయండి. అంతకు మించితే తాగిన పాల బలం తాగడానికే ఖర్చయిపోతుంది. గదిలో వెలుతురు తగ్గించి, ఫోను దూరంగా పెట్టి, ఆ ఇరవై నిమిషాలూ పాపతోనే ఉండండి. అరికాలు గిల్లడం, చెవి లాగడం, బుగ్గలు నొక్కి నోరు తెరిపించడం, మంచిమాటలతోనో కోపంగానో ఎవరు చేసినా వద్దనండి.

మీ పాపకి లెక్క చూద్దాం. కిలోకి 160 మి.లీ. చొప్పున అయితే రోజుకు 240, రెండు గంటలకోసారి పెడితే పూటకి 20 మి.లీ. మీ డాక్టరు ఇంకొంచెం ఎక్కువో తక్కువో రాసి ఉండొచ్చు. ఈ 20లో పాప ఆనందంగా నాలుగు తాగి నిద్రపోతే మిగతా 16 గొట్టంలోకి. నాకు అది మంచి పూట. ఇరవయ్యీ ఏడ్చుకుంటూ, పొలమారుతూ తాగితే చార్టు మీద బాగుంటుంది గానీ రేపటి పూట మనకి కష్టమవుతుంది. ఒక్క పూటతో మొదలుపెట్టి, రెండు రోజులు ఇబ్బంది లేకపోతే రెండు పూటలు, తర్వాత మూడు, అలా పెంచుకుంటూ వెళ్తాం. కొన్ని రోజులు వెనక్కి కూడా వెళ్తుంది. ఉదాహరణకి, పుట్టిన నాలుగు వారాలకి కంటి పరీక్ష చేస్తారు. 34 వారాల లోపు పుట్టినవాళ్లకి, రెండు కిలోల లోపు పిల్లలకి అది తప్పనిసరి, 30 రోజులు దాటనివ్వకండి. ఆ రోజూ మర్నాడూ పాలు సరిగ్గా తాగరు, అలిసిపోతారు. ముందే తెలిస్తే భయపడరని చెప్తున్నాను.

బరువు సంగతి కూడా అడిగారు. ఈ వయసులో రోజుకి కిలోకి 15 నుంచి 20 గ్రాములు, అంటే మీ పాపకి దాదాపు 22 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు తూకం చూసి బాధపడకండి. ఒకే మిషను మీద, ఒకే వేళ, బట్టలు లేకుండా తూచి, వారం మొత్తం మీద చూడండి. నోటి పూటలు పెంచినప్పుడు బరువు ఆగిపోతే పెంచడం తొందరైందని అర్థం, ఒక అడుగు వెనక్కి వేస్తాం.

సీసా గురించి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటున్నారు, టీవీలో చూసి పెరిగిన అలవాటు. నా అభ్యంతరం ఇది: సీసా తలకిందులుగా పట్టుకుంటే పిల్ల చీకినా చీకకపోయినా పాలు కారుతూనే ఉంటాయి. మింగడానికీ ఊపిరికీ మధ్య సందు వెతుక్కునే పిల్లకి ఆ ధార ఆపడం రాదు. దానికి తోడు రోజుకి పది పన్నెండు సార్లు సీసా, పీక మరిగించడం మన ఇళ్లలో ఎన్ని రోజులు సాగుతుంది? సీసాల, డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చిందంటే ఊరికే రాలేదు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మన తెలుగువాళ్లు ఇది చదువుతుంటే, అక్కడి ఆసుపత్రుల్లో సీసా మామూలే. అక్కడ నెమ్మదిగా కారే పీక పెడతారు, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి పడతారు, మూడు నాలుగు చీకుళ్లకోసారి సీసా కిందకి వంచి ఊపిరికి సమయమిస్తారు. పాలు తాగడం నేర్పే థెరపిస్టులు వార్డులోనే ఉంటారు, అడిగితే చూపిస్తారు. వస్తువు వేరైనా చేసేది అదే, వేగం పిల్ల చేతిలో ఉండాలి. ఏదో కారణంతో తల్లి దగ్గర ఉండలేని, రొమ్ము పట్టలేని పరిస్థితుల్లో డాక్టరు సీసా చెప్తే, ఆ తల్లిని నేను తప్పుపట్టను. అప్పుడు ఇలాగే పట్టండి.

ఇంట్లో పెద్దవాళ్ల గురించి రెండు మాటలు. ఇంటికి వెళ్లాక వస పోయడం, తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్, ముక్కులో చెవిలో నూనె చుక్కలు, ఇవేవీ వద్దు. తేనె వల్ల ఏడాదిలోపు పిల్లలకి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, అలాంటి పిల్లల్ని నేను చూశాను. అయితే పెద్దవాళ్లని పక్కన పెట్టమని నేను అనను. పల్నాడు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ ఉండేది. మొదటిరోజు మనవరాల్ని కాళ్ల మీద వేసుకోబోతే ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చూపించాను. రెండోరోజుకి ఆవిడ చేతికి వచ్చినంత నిదానం మా నర్సుల్లో ఎవరికీ రాలేదు. "ఇది మింగేదాకా నేను ఊపిరి బిగబట్టుకుంటానమ్మా" అనేది. నిజంగానే బిగబట్టేది. ఆ నిదానమే పాపని ఇంటికి పంపింది. మీ అత్తగారినో అమ్మగారినో ఒకసారి వార్డుకి తీసుకొచ్చి సిస్టర్ చేత చూపించమనండి. ఫోనులో చెప్తే వినరు, చేతికి పనిస్తే నేర్చుకుంటారు.

మీ పాలు నిలబడాలి, లేకపోతే ఇదంతా దేనికి? రోజుకి ఎనిమిది సార్లకి తగ్గకుండా పిండండి, రాత్రి ఒక్కసారైనా తప్పకుండా. పాపని గుండెల మీద పెట్టుకున్న వెంటనే పిండితే ఎక్కువ వస్తాయి. పిండిన పాలు మన ఎండలకి బయట నాలుగు గంటలకి మించి ఉంచకండి, ఫ్రిజ్‌లో అయితే 24 గంటల్లోపు వాడేయండి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రం పెడుతుంటే ఒప్పుకోకండి. పప్పు, కూరలు, గుడ్లు, పెరుగు, పండ్లు, కడుపు నిండా నీళ్లు. బాలింత నీళ్లు తాగితే పిల్లకి జలుబు చేస్తుందన్నది నిజం కాదు. పాలు నిజంగా సరిపోకపోతే డబ్బా పాలకంటే ముందు తల్లిపాల బ్యాంకు గురించి అడగండి. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది. మీకు దగ్గర్లో ఎక్కడుందో మీ డాక్టరుగారిని అడగండి.

డిశ్చార్జి కోసం తొందరపడుతున్నారని రాశారు. రోజూ బిల్లు చూస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది, నాకు తెలుసు. రేపు రౌండ్స్‌లో మూడు విషయాలు అడగండి. గొట్టం ఉంచి పూటకొకటిగా నోటికి మార్చవచ్చా? నేను రోజంతా లోపల ఉండి కంగారూ పద్ధతి చేయవచ్చా? రొమ్ము పట్టించడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? మూడోది చాలామంది అడగరు. ఉగ్గుగిన్నె పూర్తిగా వచ్చాకే రొమ్ము అనుకుంటారు. నా అనుభవంలో చాలామంది పిల్లలు రొమ్ము దగ్గరే ముందు కుదురుకుంటారు, ఎందుకంటే అక్కడ ధార వాళ్ల చేతిలో ఉంటుంది. మీకు పాలు ధారగా వస్తుంటే మాత్రం ముందు కొంచెం పిండేసి పట్టించండి.

ఇవి కనిపిస్తే నోటితో పట్టడం ఆపి వెంటనే చెప్పాలి, ఇంటికి వెళ్లాక అయితే వెంటనే ఆసుపత్రికి రావాలి: ఊపిరి ఆగిపోవడం, మళ్లీ నీలంగా మారడం, ఆకుపచ్చగా కక్కడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, విరేచనంలో రక్తం, ఒళ్లు చల్లబడటం, నిన్నటిదాకా బాగా తాగిన పిల్ల ఈరోజు హఠాత్తుగా తాగకపోవడం. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. నెలలు నిండని పిల్లల్లో ఇన్ఫెక్షన్ చాలాసార్లు అలాగే మొదలవుతుంది, జ్వరం కూడా రాదు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకుని మూడు రోజులు రాయండి: ఏ పూట, పాప మెలకువగా ఉందా, ఎలా మొదలుపెట్టింది, ఎలా ఆపింది. మి.లీ. చివర్లో రాయండి. మూడు రోజుల తర్వాత అది ఇక్కడ పెట్టండి. ఏ వేళ పాప హుషారుగా ఉంటుందో అందులోనే తెలుస్తుంది, ఏ పూటతో మొదలుపెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం. నాకు ఈ వారం నైట్ డ్యూటీలు, సమాధానం మధ్యాహ్నం తర్వాత ఇస్తాను.